రొద పట్టే పెట్టె

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మెకానిక్కు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి పోయే దారిలో ఉంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

వీధిలో ఆయన్ని అందరూ పాముచెవులాయన అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన బాగుచేసేది పాత వాల్వు రేడియోలు. చెక్కపెట్టెల్లో గాజు గొట్టాలు ఎర్రగా కాగుతూ, స్విచ్చి వేసిన కాసేపటికి గాని నోరు విప్పని రకం. ఇప్పుడు వాటిని వాడేవాళ్ళు లేరు, కొనుక్కుని హాల్లో అలంకారానికి పెట్టుకునేవాళ్ళున్నారు. పెట్టుకున్నాక అది మోగితే బాగుండునని వాళ్ళకి అనిపిస్తుంది. అందుకని పాత సామాన్లు అమ్మే షావుకారు ఎక్కడెక్కడివో రేడియోలు ఏరుకొచ్చి ఈయన బల్ల మీద పెట్టేవాడు.

అలాంటి రేడియోల్లో ముందుగా చెడేది కరెంటు భాగం. గోడలోంచి వచ్చే కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని చదును చేసి గొట్టాలకి అందించడం ఆ భాగం పని. అందులో కరెంటు నిలవుంచే కెపాసిటర్లు ఎండిపోతే చదును సరిగ్గా కాదు, స్పీకర్లో ఒక రొద మొదలవుతుంది. పాట వెనకాల అదే, వార్తల వెనకాల అదే. మిగతావాళ్ళు మీటర్లు పెట్టి తంటాలు పడేచోట ఈయన స్పీకరుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "మొదటి కెపాసిటరు" అనో, "రెండోది" అనో, "గొట్టమే ముసలిదైపోయింది" అనో తేల్చేసేవాడు. దుకాణంలో సరైన మీటరు కూడా ఉండేది కాదు. చెవులుండగా మీటరెందుకు అనేవాడు.

ఆ చెవులే పోయాయి. చాటుగా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఆ డాక్టరు గాజు తలుపులున్న గదిలో కూర్చోబెట్టి ఏవేవో కూతలు వినిపించి, నరం దెబ్బతిందన్నాడు, మందు లేదన్నాడు, మిషన్ పెట్టుకోమన్నాడు. మిషన్ పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటే అదే సన్నగా రొద చేసేది. రేడియోది ఏదో, మిషన్‌ది ఏదో తేల్చుకోలేక దాన్ని సొరుగులో పడేశాడు.

కొన్నాళ్ళు చూపుతోనే నెట్టుకొచ్చాడు. ఉబ్బిన కెపాసిటరు కంటికి కనిపిస్తుంది, జిగురు కారినది కనిపిస్తుంది. పైకి కొత్తగా ఉండి లోపల ఎండిపోయినది మాత్రం కనిపించదు.

ఒకరోజు పొద్దున్నే షావుకారు ఒక రేడియోని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాడు.

"మెకానిక్ గారూ, మొన్న మీరు బాగుచేసిచ్చిన దీంట్లో స్టేషన్లు తక్కువ, తుమ్మెదలు ఎక్కువ ఉన్నాయండీ. కొన్నాయన స్విచ్చి వేసి చెవులు మూసుకున్నాడు. నాకు తల ఎత్తుకునే దారి లేకపోయింది."

ఆయన రేడియో మోగించి, అలవాటు ప్రకారం చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "ఇప్పుడేం లేదే" అన్నాడు.

"లేకపోవడమేంటండీ! అదిగో, పక్కన దర్జీ కుట్టడం ఆపి ఇటే చూస్తున్నాడు. మీరు నన్ను ఆటపట్టిస్తున్నారా ఏంటి?"

"పెట్టి వెళ్ళండి, చూస్తాను" అన్నాడు ఆయన. షావుకారు తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

దుకాణమంటే ఆ ఇంటి ముందుగదే. మధ్యలో ఒక కర్టెను, దాని వెనక నడవా, వంటగది, ఆ వెనక బట్టలుతుక్కునే చిన్న పెరడు. ఆయన రేడియో వెనకవైపు అట్ట విప్పి దానికేసి చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో, కర్టెను పక్కకి తొలిగింది. భార్య చేతిలో గరిటెతో నిలబడి ఏదో అంటోంది. ఆయన తలెత్తలేదు. ఆవిడ వచ్చి తనే స్విచ్చి కట్టేసింది.

"ఎంతసేపని మోగనిస్తారు దాన్ని? తల పగిలిపోతోంది."

ఆయన ఆవిడ పెదాలు చూశాడు. "మోగుతోందా?" అన్నాడు.

ఆవిడకి ఒక్కసారిగా అర్థమైంది. ఈమధ్య పిలిస్తే పలక్కపోవడం, ఫోను మోగుతున్నా కదలకపోవడం, కూతురు మాట్లాడుతుంటే "ఇదిగో, అమ్మకిస్తున్నా" అని తప్పుకోవడం, అన్నీ ఒకచోటికి చేరాయి. గరిటె బల్ల మీద పెట్టి ఎదురుగా ముక్కాలిపీట మీద కూలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం నుంచి."

"ఈ రేడియో మొన్న మనింట్లోంచి వెళ్ళేటప్పుడే ఇలా రొద చేస్తోంది."

"తెలిసీ చెప్పలేదేం మరి?"

"మీ పనిలో నేనెప్పుడు వేలు పెట్టాను? అలాగే ఉండాలేమో అనుకున్నాను."

ఆయన అట్టని తిరిగి బిగించడానికి మరమేకు వెతుక్కున్నాడు. అది చేతిలోనే ఉంది. "ఎవరికీ చెప్పకు" అన్నాడు చివరికి. తర్వాత, బతిమాలడం చేతకాని మనిషి కాబట్టి, ఇంకోలా అన్నాడు: "రేపట్నుంచి వంట కాస్త తొందరగా తెముల్చుకుని ఇలా వచ్చి కూర్చో."

అలా ఆవిడ ముక్కాలిపీట మీదికి వచ్చింది.

మొదట్లో ఆవిడకి "ఉంది", "లేదు" తప్ప ఇంకేమీ చెప్పడం వచ్చేది కాదు. అలా కాదు, ఎలా ఉందో చెప్పు, లావుగానా, సన్నగానా అని ఆయన విసుక్కునేవాడు. ఆవిడ స్పీకరు దగ్గరికి వంగి, నొసలు చిట్లించి వినేది. "దూరంగా ఎక్కడో పిండిమర తిరుగుతున్నట్టుంది" అనేది. ఇంకోదానికి "సీసాలో ఈగ పడి కొట్టుకుంటున్నట్టుంది" అనేది. మరోదానికి "జలుబు చేసినవాడు పాడుతున్నట్టుంది" అనేది. ఆయన తెరిచి చూసి, మార్చి చూసి, నెమ్మదిగా ఆ భాష నేర్చుకున్నాడు. పిండిమర అంటే మొదటి కెపాసిటరు. సీసాలో ఈగ అంటే రెండోది. జలుబు అంటే గొట్టం ముసలిది.

ఒకరోజు ఆవిడ చాలాసేపు విని, "ఇది మీ పెద్దక్కకి కోపమొచ్చి ఊరుకున్నట్టుంది" అంది.

"ఊరుకుంటే చప్పుడేముంటుంది?"

"మీకు తెలియదు. మాకు వినబడేది."

ఆయన నవ్వాడు. చేతిలో కాగిన సోల్డరింగు కడ్డీ పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనంతగా నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. వెతగ్గా వెతగ్గా ట్రాన్స్‌ఫార్మరు రేకుల్ని బిగించిన బోల్టు వదులై, పైకి తెలియకుండా లోలోపల అదురుతోందని తేలింది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ మాటకి ఆయన ఊ కొట్టడమే గాని తలెత్తి చూసింది తక్కువ. ఒక చెవి ఎప్పుడూ రేడియోలో ఉండేది. ఇప్పుడు పెదాలు చూస్తే తప్ప మాట తెలియదు కాబట్టి చూడక తప్పలేదు. "ఏంటా చూపు, కొత్త పెళ్ళికొడుకులా?" అనేది ఆవిడ. అంటూనే మాట్లాడుతూ ఉండేది. ఎన్నో ఏళ్ళుగా చెప్పనివన్నీ చెప్పింది. పాల మనిషితో తగువు దగ్గర్నుంచి కూతురి అత్తగారి గొణుగుడు దాకా ఏదీ వదల్లేదు. ఒక మధ్యాహ్నం, రెండు రేడియోల మధ్య ఖాళీలో, మామూలు మాటలాగే ఇంకొకటి కూడా చెప్పింది.

"మా అమ్మ పోయిన రోజు ఆ కబురు మీకు చెప్పడానికి ఈ గదిలోకే వచ్చాను. మీరేదో స్టేషను వెతుకుతున్నారు. ఒకసారి చెప్పాను. ఊ అన్నారు. రెండోసారి చెప్పాక తలెత్తారు."

ఆయనకి ఆ రోజు గుర్తుంది. రెండుసార్లు చెప్పిందన్నది గుర్తులేదు. బల్ల మీది తీగముక్కలన్నీ ఒక పక్కకి ఊడ్చాడు.

"ఇప్పుడెందుకు చెప్పావు?"

"ఇప్పుడు వింటున్నారు కాబట్టి" అంది ఆవిడ, తర్వాతి రేడియో మీది దుమ్ము తుడుస్తూ.

వర్షాలు మొదలయ్యే రోజుల్లో షావుకారు వచ్చి, రేడియోలు దింపి, వెళ్ళబోతూ పక్క గుమ్మంలో దర్జీ దగ్గర ఆగాడు. కిటికీ అద్దంలోంచి ఆయనకి షావుకారు మొహం తిన్నగా కనబడుతోంది. చెవిటివాడు పెదాలు ఎంత దూరం నుంచి చదవగలడో చెవులున్నవాళ్ళకి తెలియదు.

"బోర్డు మీద పేరు ఆయనది, చెవులు ఆవిడవి. ఏ రేడియోకి ఏ రోగమో ఇప్పుడు వంటింట్లో తేలుతోంది" అన్నాడు షావుకారు. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండడం వల్ల జాగ్రత్తగా నవ్వాడు.

ఆయన ఆ మాట భార్యకి చెప్పలేదు. ఆ రోజంతా మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. మర్నాడు, "ఒక పెట్టె కడతాను" అన్నాడు.

"ఏం పెట్టె?"

"కరెంటు భాగాన్ని పరీక్ష చేసేది. రొద ఉందో లేదో కంటికి చూపిస్తుంది. నీకు శ్రమ తప్పుతుంది."

"నాకేం శ్రమ?" అంది ఆవిడ. ఆయన అప్పటికే సొరుగులోకి వంగి ఏదో వెతుకుతున్నాడు.

పెట్టె కట్టడానికి సామాను బయట కొన్నది దాదాపు ఏమీ లేదు. దర్జీ పారేసిన పాత కుట్టుమిషను మూత పెట్టెకి పైగుల్లగా పనికొచ్చింది. ముందువైపు ప్లైవుడ్ పలక. ఆ పలకకి ఆవిడే గరుకుకాగితం పట్టింది, మూలలు కూడా వేలికి గుచ్చుకోకుండా. పలక మీద రెండు బల్బులు. పెద్ద బల్బు గోడ కరెంటుకీ రేడియోకీ మధ్య దారిలో ఉంటుంది. రేడియో లోపల ఎక్కడైనా తీగలు కలిసిపోయి ఉంటే పెద్ద బల్బు భగ్గుమని వెలిగి ఆ దెబ్బ తను తీసుకుంటుంది, రేడియో కాలిపోదు. రెండోది చిన్న బల్బు. అది కరెంటు భాగానికి అవతలి వైపు. గొట్టాలన్నీ కలిసి తాగే కరెంటుని వాటి బదులు ఆ చిన్న బల్బు తాగుతుంది. బరువు మోయించకుండా కరెంటు భాగం సత్తువ తెలియదు. వోల్టులు చూపించడానికి ముల్లున్న మీటరు ఒకటి.

అన్నిటికంటే కష్టమైంది రొదని చూపించడం. దానికి ఆయన చెదలు తినేసిన ఒక పెద్ద రేడియోలోంచి ట్యూనింగు కన్ను పీకాడు. స్టేషను సరిగ్గా దొరికినప్పుడు రెండు ఆకుపచ్చ రెక్కలు దగ్గరికి వచ్చే గాజు కన్ను అది. రొదనంతా పట్టి ఆ కన్నుకి అందిస్తే, రొద ఎంతుంటే రెక్కలు అంత దగ్గరికి వస్తాయి. రొద లేకపోతే విడిపోయి మధ్యలో నల్లటి చీలిక మిగులుతుంది.

చెప్పుకోవడానికి సులువే. కట్టడానికి వానలు సగం గడిచాయి. మొదటిసారి స్విచ్చి వేస్తే ఒక కెపాసిటరు పేలి గదంతా కాగితం తునకలు పడ్డాయి. ఆవిడ చీపురు తెస్తూ, "వినబడిందా?" అంది. "ఇది వినబడింది" అన్నాడు ఆయన. రెండోసారి ఏదీ పేలలేదు గాని కన్ను తెరుచుకోలేదు. ఏ రేడియో పెట్టినా రెక్కలు మూసుకునే ఉన్నాయి. రేడియో తీసేసినా మూసుకునే ఉన్నాయి. ఆయన తీగలన్నీ విప్పి మళ్ళీ అతికాడు, మళ్ళీ అదే. తిండి మానేసి బల్ల దగ్గరే కూర్చుంటే ఆవిడ వచ్చి పెట్టె మీద చెవి పెట్టింది.

"రేడియోలేవీ కాదు. మీ పెట్టే మోగుతోంది. పిండిమర."

నిజమే. కన్నుకి కరెంటిచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మరు తన రొదని తనే కన్నులోకి పోస్తోంది. ఆయన దాన్ని కన్నుకి దూరంగా వెనక మూలకి మార్చి, ఇంకో కెపాసిటరు కలిపాడు. రెక్కలు విచ్చుకున్నాయి. "నువ్వు లేకపోతే దీన్ని చెత్తలో పడేసేవాణ్ణి" అన్నాడు. ఆవిడ మొహం వెలిగింది.

ఇక మిగిలింది గుర్తులు పెట్టడం. రెక్కలు ఎంత దూరంగా ఉంటే రేడియో బాగున్నట్టు, ఎంత దగ్గరైతే పనికిరానట్టు అన్నది కన్ను తనంతట తను చెప్పదు. వినేవాళ్ళెవరో చెప్పాలి. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం ఆయన ఒక్కొక్క రేడియోనే పెట్టెకి తగిలించి, కెపాసిటర్లు మారుస్తూ పోయాడు. ఆవిడ స్పీకరు దగ్గర కూర్చుని వింది.

"ఇంకా ఉంది. ఉంది. తగ్గింది. ఈగ మిగిలింది. ఆ, ఇప్పుడు పోయింది."

ఆవిడ చెయ్యి ఎత్తిన చోటల్లా ఆయన కన్ను చుట్టూ ఉన్న రేకు మీద సన్నటి బ్రష్షుతో తెల్లరంగు గీత పెట్టాడు. పిండిమరకి ఒక గీత, ఈగకి ఒకటి, ఏమీ లేనిదానికి ఒకటి. ఆవిడ చెవుల్లో ఉన్నదంతా ఆ గీతల్లోకి దిగింది. చివరి గీత పెట్టాక ఆవిడ కాసేపు దానికేసి చూసి, "ఇంక నాతో పనుండదన్నమాట" అంది.

ఆయన అప్పుడు కన్నునే చూస్తున్నాడు. ఆవిడ పెదాలు చూడలేదు.

పెట్టె పనిచేసింది. మర్నాటి నుంచి ఆయనకి ఎవరితోనూ అవసరం లేకపోయింది. రేడియో తగిలించడం, పెద్ద బల్బు ఆరేదాకా ఆగడం, చిన్న బల్బు వెలుగు చూడడం, కన్ను చూడడం. మొదటి రెండు రోజులూ ఆవిడ వంట తెముల్చుకుని వచ్చి కర్టెను దగ్గర నిలబడింది. ముక్కాలిపీట మీద పెట్టె ఉంది. దాని ఎత్తు పెట్టెకి సరిగ్గా సరిపోయింది. మూడోరోజు నుంచి ఆవిడ రాలేదు. అలిగినట్టు కూడా ఆయనకి తెలియలేదు. ఎందుకంటే మళ్ళీ ఆయన తలెత్తడం మానేశాడు.

షావుకారు వచ్చి ఒక్కొక్క రేడియో మోగించి చూసుకుని, "నేనే పొరబడ్డానండీ, మీవి ఇంకా పాముచెవులే" అన్నాడు. ఆ మాట దర్జీతో కూడా అని వెళ్ళాడు. దర్జీ, ఈయన ఇంటి మేడమీద అద్దెకుంటున్న టీచరమ్మతో అన్నాడు. పాముచెవులాయనకి చెవుడొచ్చిందట అని వీధిలో లేచిన చిన్న పుకారు అంతటితో చచ్చిపోయింది. ఆయనకి కావలసింది అదే. పెట్టెని రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు.

ఆ ఇంటి పెరట్లో వానాకాలం నాచు పడుతుంది. ఉతుకుడు బండ చుట్టూ మరీ ఎక్కువ. ఒకరోజు పొద్దెక్కాక ఆవిడ బట్టల బకెట్టు ఎత్తబోయి జారి, పక్కకి పడింది. లేవబోతే కుడికాలు రాలేదు. తుంటి దగ్గర నొప్పి నోరు మూసేసింది. అది కొంచెం సర్దుకున్నాక పిలిచింది. దుకాణానికీ పెరడుకీ మధ్య నడవా ఒక్కటే. మునుపైతే పాలు పొంగే చప్పుడుకి అక్కణ్ణించే "స్టవ్వు కట్టెయ్" అని కేకేసే మనిషి.

ఆ పొద్దున దర్జీ లేడు, బట్టలు తేవడానికి బజారుకి వెళ్ళాడు. ఆయన బల్ల దగ్గర సంతోషంగా ఉన్నాడు. షావుకారు తెచ్చిన వాటిలో అతి పెద్ద రేడియో అది, నిలువెత్తు బీరువాలాంటిది. దాని కరెంటు భాగం ఒక పట్టాన లొంగలేదు. రెక్కలు ఒక్కొక్క వెంట్రుక దూరం జరుగుతుంటే పొద్దు మర్చిపోయాడు. నల్ల చీలిక చివరి గీత దాటేసరికి ఆకలి గుర్తొచ్చింది. నడవాలోకి వచ్చి చూస్తే పొయ్యి మీద గిన్నె లేదు. కంచం పెట్టలేదు. పెరటి తలుపు తీసి ఉంది.

ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. సన్నగా వాన పడుతోంది. ఉతికిన బట్టలన్నీ మళ్ళీ బురదలో ఉన్నాయి. ఆయన ఏమేమి అన్నాడో, ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. వీధిలో నిలబడి అరుస్తుంటే, తన అరుపు తనకే వినబడక, సరిగ్గా అరుస్తున్నానా లేదా అని అనుమానం వచ్చి ఇంకా గట్టిగా అరిచాడు.

ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు, లోపల కడ్డీ వేశారు. కూతురు మొదటి బండికే వచ్చింది. తల్లి ముందు మామూలుగా ఉండి, వరండాలోకి రాగానే తండ్రి భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నాన్నా, అమ్మ పెరట్లో ఎంతసేపు ఉందో తెలుసా? ఒళ్ళంతా నానిపోయి ఉందట. మీరు ఇంట్లోనే ఉన్నారు కదా?"

ఆయన తల ఊపాడు.

"వినబడలేదా?"

ఆయన మళ్ళీ తల ఊపాడు. కూతురికి అది అవునో కాదో తెలియలేదు. "నాకు చెవుడమ్మా. రెండూ పోయాయి" అన్నాడు ఆయన. భార్యకి తప్ప ఇంకొకరికి ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆ పిల్ల చెయ్యి తీసేసి గోడకి చేరగిలబడింది. "మరి అమ్మకి తెలుసా?" అంది. "తెలుసు" అన్నాడు.

మంచం పక్కన కూర్చుని ఆవిడ మెలకువలోకి వచ్చేదాకా చూశాడు. వచ్చాక అడిగాడు.

"నన్ను పిలిచావా?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "లేదు. పిలిచి ఏం లాభం? పిలవలేదు" అంది.

ఆ మాట ఆయన నమ్మాడు. నమ్మడానికి హాయిగా ఉంది. ఇంటికి తెచ్చాక చూడడానికి వచ్చిన టీచరమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూనే ఏడవడం మొదలుపెట్టింది.

"బాబాయిగారూ, తప్పు నాదేనండీ. ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉన్నాను. పిన్నిగారు పిలవడం విన్నాను. ఏవండీ, ఏవండీ అని చాలాసార్లు వినబడింది. కింద మీరున్నారు కదా, మీవి పాముచెవులు కదా అనుకున్నాను. తర్వాత ఆగిపోయింది. మీరు వెళ్ళారనుకుని పడుకున్నాను."

ఆయన ఆ పెదాలు చివరిదాకా చూశాడు. ఒక్క ముక్క కూడా జారిపోలేదు. "నీ తప్పు కాదమ్మా. నాకు వినబడదని నీకెలా తెలుస్తుంది? ఎవరికీ తెలియకుండా ఉండాలనే కదా నేను అంత కష్టపడింది" అన్నాడు.

కూతురు ఉన్నన్నాళ్ళు ఉండి, పిల్లల చదువులు పాడవుతున్నాయని వెళ్ళింది. ఆయన పనిబల్లని దర్జీ సాయంతో లోపలిగదిలోకి, ఆవిడ మంచం ఎదురుగా మార్చుకున్నాడు. ముందుగది సగం దర్జీకి ఇచ్చేశాడు. షావుకారు వస్తే ఎదురుగా నిలబెట్టి, "నాకు చెవుడండీ. అరిచినా లాభం లేదు. నా మొహం చూసి మాట్లాడండి" అన్నాడు. షావుకారు అయ్యో అన్నాడు, ధైర్యం చెప్పాడు, తర్వాత రావడం తగ్గించేశాడు. పెట్టె ఎప్పటిలాగే సరిగ్గా చెబుతోందన్న సంగతి షావుకారు పట్టించుకోలేదు. చెవిటివాడు బాగుచేసిన రేడియో అంటే కొనేవాళ్ళు రెండోసారి ఆలోచిస్తారు కదా.

మిగిలిన ఒకటి రెండు రేడియోల్లో ఒకదాన్ని ఆయన ఒక సాయంత్రం పూర్తిగా సిద్ధం చేసి, ఎత్తుకొచ్చి మంచం పక్కన పెట్టి మోగించాడు.

"ఎలా ఉందో విని చెప్పు" అన్నాడు.

ఆవిడ రేడియోని చూడలేదు. "పెట్టె ఏమంటోంది?" అంది.

"బాగుందనే అంటోంది."

"మరి నన్నెందుకు అడగడం?"

ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. రేడియో మోగుతూనే ఉంది. పాటో, వార్తలో ఆయనకి తెలియదు. "ఆ రోజు చాలాసార్లు పిలిచావట" అన్నాడు. "టీచరమ్మ చెప్పింది."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల గోడవైపు తిప్పుకుని ఏదో అంది. గొంతు దగ్గర నరం కదలడాన్ని బట్టి ఏదో అంటోందని తెలిసింది గాని ఏమంటోందో తెలియలేదు. తిట్టిందో, క్షమించిందో, నీళ్ళడిగిందో తెలియదు. ఆయన లేచి మంచం అటువైపు వెళ్ళబోయాడు. గోడకీ మంచానికీ మధ్య మనిషి నిలబడేంత సందు లేదు. కాళ్ళవైపు నుంచి వంగి చూశాడు. అప్పటికి ఆవిడ మాట అయిపోయింది.

"ఏమన్నావు?" అని అడిగాడు. ఆవిడ తిరగలేదు. ఆయన రేడియో కట్టేసి, లైటు వేశాడు.

పొద్దున్నే దర్జీని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ రెండువైపులా పట్టుకుని, ఆవిడకి కుదుపు తగలకుండా మంచాన్ని గోడకి దూరంగా, గది మధ్యకి జరిపారు. "ఎందుకన్నయ్యా, ఇక్కడ దారికి అడ్డం కదా?" అన్నాడు దర్జీ. ఆయన మంచం చుట్టూ ఒకసారి తిరిగి, ఆవిడ మొహం ఎటు తిప్పినా తనకి కనబడుతుందో లేదో చూసుకున్నాడు.